పిల్లలతో అరకు: పాయింట్లు తగ్గించండి, నడక పెంచండి

విశాఖలో ఏ ట్రావెల్స్ బోర్డు చూసినా అరకు ఒక్కరోజు ప్యాకేజీ ఉంటుంది. పొద్దున్న ఆరింటికి బయల్దేరి రాత్రి తొమ్మిదికి దించేస్తారు. మధ్యలో బొర్రా గుహలు, కటికి జలపాతం, గాలికొండ, కాఫీ తోటలు, పద్మాపురం ఉద్యానం, గిరిజన మ్యూజియం, చాపరాయి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లోవాళ్ళు ఈ జాబితా చూసి ఇన్ని పాయింట్లు ఒక్కరోజులో అయిపోతాయని సంతోషిస్తారు. ఆ సంతోషం తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

లెక్క వేసి చూడండి. విశాఖ నుంచి అరకు రోడ్డు మీద దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటిన కొద్దిసేపటికి ఘాట్ మొదలవుతుంది, అక్కణ్ణుంచి వేగం ఉండదు. వెళ్ళడానికి మూడు, మూడున్నర గంటలు, రావడానికి అంతే. బొర్రాకి మెయిన్ రోడ్డు వదిలి పక్కకి వెళ్ళిరావాలి, చాపరాయికి అరకు దాటి డుంబ్రిగుడ వైపు వెళ్ళిరావాలి. అన్నీ కలిపితే కారులోనే ఎనిమిది తొమ్మిది గంటలు. మిగిలిన ఆరు గంటల్ని ఏడు పాయింట్లకు పంచి, అందులోంచి భోజనం, టికెట్ల వరుస, బాత్రూమ్ తీసేస్తే ఒక్కో చోట పిల్లలు నేల మీద గడిపేది ఇరవై నిమిషాలు. డ్రైవరు హారన్ కొడతాడు, అందరూ ఎక్కుతారు. మర్నాడు ఏం చూశావని అడిగితే పిల్ల వాంతి సంగతి చెబుతుంది.

తప్పు అరకుది కాదు. పిల్లలకి బయట తిరిగే అవకాశం ఇంత సులువుగా, ఇంత తక్కువ ప్రమాదంతో దొరికే కొండ ఊళ్ళు మనకు దగ్గర్లో తక్కువ. ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఎత్తు వల్ల వచ్చే జబ్బుల భయం లేదు, అవి మామూలుగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతాయి. లోయ నేల వెడల్పుగా, చదునుగా ఉంటుంది. ఐదేళ్ళ పిల్ల కూడా పొలాల మధ్య మట్టి దారిలో హాయిగా నడవగలదు. కావలసింది సమయం. కనీసం రెండు రాత్రులు ఉండండి. పూటకు ఒకే పని పెట్టుకోండి. ఆ పని ఎంత పెద్దదో కారు కాదు, గుంపులో అందరికన్నా చిన్న పిల్ల కాళ్ళు నిర్ణయించాలి.

ఆ కాళ్ళ కొలత ఇదీ. ఐదారేళ్ళ పిల్ల ఎత్తుపల్లాల దారిలో గంటకు ఒకటిన్నర నుంచి రెండు కిలోమీటర్లు నడుస్తుంది, అదీ మధ్యలో రాళ్ళూ పురుగులూ చూడటానికి ఆగనిస్తేనే. ఎనిమిదేళ్ళు దాటితే రెండున్నర. వెళ్ళేటప్పుడు పిల్లలు పరుగెత్తుతారు, అది నమ్మకండి. మొత్తం ఓపికలో మూడో వంతు ఖర్చయ్యే చోటే వెనక్కి తిరగాలి, ఎందుకంటే వచ్చే దారిలో ఆకలి, ఎండ, విసుగు కలిసి వస్తాయి. మూడేళ్ళ లోపు బిడ్డని ఎత్తుకోక తప్పదని ముందే అనుకుని, వీపుకి కట్టుకునే క్యారియర్ తీసుకెళ్ళండి. పిల్లల తోపుడు బండి (స్ట్రోలర్) అరకులో ఎక్కడా పనికిరాదు.

పైకి రైలు, కిందికి రోడ్డు

వెళ్ళడం రైల్లో, రావడం కారులో పెట్టుకుంటే రెండూ చూసినట్టవుతుంది. పైగా వాంతుల బాధ సగం తగ్గుతుంది. కిరండూల్ పాసింజర్ విశాఖలో పొద్దున్న ఏడు లోపే బయల్దేరి నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించి జపానుకు పంపడం కోసం 1960ల్లో వేసిన మార్గం ఇది. కొత్తవలస, శృంగవరపుకోట, బొడ్డవర దాకా మైదానమే. శివలింగపురం నుంచి ఎక్కుడు మొదలవుతుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ, ఆ తర్వాత అరకు. శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. చాలాకాలం దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినదన్న పేరు దానిదే. ఈ మార్గంలో 50కి పైగా సొరంగాలు, ఎక్కువ భాగం ఈ ఘాట్‌లోనే. పిల్లల చేతికి కాగితం, పెన్సిలు ఇచ్చి శివలింగపురం నుంచి సొరంగాలు లెక్కపెట్టమనండి. రెండు గంటలు ఫోను అడగరు.

అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీ 2017 ఏప్రిల్‌లో మొదట ఈ రైలుకే తగిలించారు. కుర్చీలు చుట్టూ తిరుగుతాయి, చోటు విశాలం. ఆరేళ్ళ లోపు పిల్లలుంటే అదే మంచిది. పెద్ద పిల్లలకు మాత్రం మామూలు రిజర్వుడు బోగీయే నా ఓటు: కిటికీ తెరుచుకుంటుంది, సొరంగంలోకి దూరగానే చల్లగాలి, ఇనుప చప్పుడు, చీకటి ముఖానికి తగులుతాయి. అద్దాల బోగీలో అవేవీ రావు. ఒక్క జాగ్రత్త: సొరంగం గోడ బోగీకి చాలా దగ్గరగా ఉంటుంది. చెయ్యి గానీ ఫోను గానీ కిటికీ బయట పెట్టనివ్వకండి, తలుపు దగ్గర నిలబడనివ్వకండి. టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు పొద్దున్న ఎనిమిదికి తెరుచుకుంటాయి. డిసెంబరు, సంక్రాంతి రోజులకు విస్టాడోమ్ కావాలంటే ఆ రోజే కూర్చోవాలి. వానాకాలంలో కొండచరియలు పట్టాల మీద పడి రైలు రద్దయ్యే రోజులుంటాయి. ముందురోజు రాత్రి తప్పక చూసుకోండి.

పొద్దున్నే రైల్లో బొర్రా దగ్గర దిగిపోయి గుహలు చూసి అరకు వెళదామనుకుంటారు చాలామంది. సామానుతో, పిల్లలతో అది కష్టం. తిన్నగా అరకు వెళ్ళి, తిరుగు ప్రయాణంలో కారులో బొర్రా చూడటం తేలిక.

కారులోనే పైకి వెళ్ళక తప్పనివాళ్ళు వాంతుల గురించి రెండు విషయాలు తెలుసుకోవాలి. కళ్ళు కారు లోపలి నిశ్చలమైన వస్తువుల్ని చూస్తుంటే చెవి లోపలి సమతౌల్యపు భాగం మలుపుల్ని గుర్తిస్తుంది. ఆ రెండు కబుర్లూ పొసగక కడుపులో తిప్పుతుంది. అందుకే ఫోను, బొమ్మల పుస్తకం ఘాట్‌లో పూర్తిగా బంద్. పిల్లని వెనక సీటు మధ్యలో బెల్టుతో కూర్చోబెట్టి ముందు అద్దంలోంచి దూరంగా రోడ్డు చూడమనాలి. ఖాళీ కడుపూ తప్పే, నిండు కడుపూ తప్పే. శృంగవరపుకోటకు ముందే రెండు ఇడ్లీలు, నూనె లేకుండా. పూరీ, పాలు వద్దు. ఏసీ ఆపి కిటికీ నాలుగు వేళ్ళు దించండి. మాత్ర ఇవ్వాలనుకుంటే పిల్లల డాక్టరు చెప్పిన మందే, చెప్పిన మోతాదులోనే, ఘాట్‌కు అరగంట నుంచి గంట ముందు వేయాలి. మొదలయ్యాక వేస్తే అది కూడా బయటికొస్తుంది.

చలి గురించి సగం తెలిసినవాళ్ళే ఎక్కువ

ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకు గాలి ఆరు, ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అంటే విశాఖకన్నా అరకు పగలు ఆరు డిగ్రీలు చల్లన, అంతే. మధ్యాహ్నం ఎండలో స్వెట్టరు అక్కర్లేదు. రాత్రి లెక్క వేరు. ఆకాశం తేటగా, గాలి లేకుండా ఉంటే నేల వేడి పైకి పోతుంది, చుట్టూ కొండల మీది చల్లగాలి బరువెక్కి లోయలోకి దిగి అక్కడే నిలుస్తుంది. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున పది డిగ్రీలకు అటూ ఇటూ పడిపోతుంది. చింతపల్లి మండలంలోని లంబసింగిలో ఇంకా దిగి సున్నా దాకా పోయిన రోజులున్నాయి.

పిల్లలకు ఒక లావు జాకెట్ కన్నా మూడు పలచటి పొరలు మేలు: లోపల ఒంటికి అంటుకునే ఫుల్ బనీను, మీద స్వెట్టరు, ఆపైన గాలి చొరని విండ్‌చీటర్. తొమ్మిదింటికి ఎండ రాగానే ఒక్కొక్కటే తీసేయచ్చు. నడకలో చెమట పట్టిన నూలు బనీను ఆరకుండా ఒంటినే చల్లబరుస్తుంది. ఆగగానే మార్చేందుకు ఒకటి సంచిలో ఉండాలి. చెవులు కప్పే టోపీ, పూటకో సాక్సుల జత. మంచుకు గడ్డి తడుస్తుంది, బూట్లు తడుస్తాయి, తడి సాక్సులతో పిల్లలు అరగంటలో మొరాయిస్తారు.

ఈమధ్య కొండల మీద టెంట్లు అద్దెకిస్తున్నారు. పిల్లలకు టెంటంటే పండగే. కానీ చలి పైనుంచి కన్నా కింది నేల నుంచి ఎక్కువ లాగుతుంది. రెండు రగ్గులిస్తే ఒకటి కప్పుకుని ఒకటి పక్కన పెట్టేస్తారు. రెండోది కింద పరుచుకోవాలి. మంచు పడుతుందని జిప్పులన్నీ మూసేస్తే ఊపిరి తేమ గుడ్డకు పట్టి తెల్లారేసరికి చినుకుల్లా కారుతుంది. పైన గాలి సందు వదలండి. చలిమంట బయటే. నిప్పుల కుంపటి గదిలోకి గానీ టెంటులోకి గానీ ఏ కారణంతోనూ తేకూడదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలిరాత్రుల్లో ఇలా పోయిన కుటుంబాల వార్తలు ఏటా వస్తూనే ఉన్నాయి.

గది తీసుకునేటప్పుడు టీవీ ఉందా అని కాదు, కరెంటు పోతే వేడినీళ్ళు ఎలా ఇస్తారని అడగండి.

మేఘాలు చూడటానికి అర్ధరాత్రి లేవాలా?

పాడేరు దగ్గర వంజంగి కొండ ఈ కొన్నేళ్ళలో బాగా పేరెక్కింది. తెల్లవారుజామున పైనుంచి చూస్తే లోయలన్నీ తెల్లగా నిండి, కొండ శిఖరాలు మాత్రం దీవుల్లా తేలుతూ ఉంటాయి. చూడదగ్గదే. కానీ అరకు నుంచి వంజంగి 50 కిలోమీటర్ల పైమాటే, ఆపైన చీకట్లో కొండెక్కాలి. డిసెంబరులో సూర్యోదయం దాదాపు ఆరుంబావుకి. అరకులో బస చేసి దాన్ని అందుకోవాలంటే పిల్లల్ని మూడింటికి లేపాలి. లేపితే ఆ రోజంతా పాడు. వంజంగి కావాలంటే ముందురోజు పాడేరులోనే పడుకోండి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలుంటే వంజంగి మాట మరిచి, అరకుకు దగ్గర్లోనే ఉన్న మాడగడకు వెళ్ళండి. ఐదింటికి లేచినా సరిపోతుంది, నడక తక్కువ, మేఘాలవే.

ఏ కొండకు వెళ్ళినా మేఘాలు కనబడతాయన్న హామీ లేదు. అవి కుదిరే రాత్రికి గుర్తులున్నాయి: ఒకటి రెండు రోజుల కిందట వాన పడి నేలలో తేమ ఉండటం, రాత్రి నక్షత్రాలు స్పష్టంగా కనబడటం, ఆకు కదలకపోవడం. అప్పుడు లోయ అడుగున చల్లగాలి, పైన వెచ్చటి గాలి నిలిచి, అడుగున పొగమంచు మూత పెట్టినట్టు ఆగిపోతుంది. గాలి వీస్తే అది చెదిరిపోతుంది. మబ్బు పట్టిన రాత్రి నేల చల్లబడక అసలు ఏర్పడదు. కాబట్టి ముందురోజు రాత్రి భోజనమయ్యాక బయటికొచ్చి ఆకాశం చూసి, తెల్లవారుజామున లేవాలో వద్దో అప్పుడు నిర్ణయించండి. లేవక్కర్లేదని తేలినా ఆ పది నిమిషాలు వృథా కావు. విశాఖలో, హైదరాబాదులో పుట్టిన పిల్లలకు కృత్తికలు విడివిడిగా కనబడటమే పెద్ద సంగతి. అమావాస్యకు దగ్గరి రోజులు చూసుకుని వెళితే ఇంకా మంచిది.

ఆదివారాలు, క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా వంజంగి దారిలో కార్లు గంటలకొద్దీ ఆగిపోతాయి. సెలవు పెట్టగలిగితే మంగళ, బుధ, గురువారాలు చూసుకోండి. గది అద్దె కూడా తగ్గుతుంది.

పొలాలు, కాఫీ తోటలు

పెద్దగా డబ్బు పెట్టక్కర్లేని, పిల్లలకు బాగా నచ్చే నడకలు ఇవే. అక్టోబరు చివర నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా లోయంతా వలిసె పూలతో పసుపుపచ్చగా ఉంటుంది. అది నూనెగింజల పంట, రైతు ఏడాది తిండి. ఫొటో కోసం పొలంలోకి దిగితే తొక్కిన మొక్క మళ్ళీ లేవదు. గట్టు మీదే నిలబడాలని, గట్టు తెగితే నీళ్ళు పోతాయని పిల్లలకు ముందే చెప్పండి. కొందరు రైతులు పొలంలో ఫొటోకి ఇంత అని అడుగుతారు. అది న్యాయమే, బేరం చేయకండి.

కాఫీ తోటలు అనంతగిరి నుంచి సుంకరమెట్ట దాకా రోడ్డు పొడుగునా ఉన్నాయి. సుంకరమెట్ట దగ్గర చెట్ల మధ్య కట్టిన చెక్క వంతెన మీద నడవచ్చు. పిల్లలు ఇష్టపడతారు, పొద్దున్న తొమ్మిది లోపు వెళితే రద్దీ తక్కువ. కానీ వంతెన మీద ఫొటో దిగి వచ్చేస్తే కాఫీ గురించి ఏమీ తెలియదు. కిందకి దిగి, తోటవాళ్ళని అడిగి, ఒక మొక్క దగ్గర పావుగంట నిలబడండి. పైన ఎత్తుగా సిల్వర్ ఓక్, దాని కాండాన్ని చుట్టుకుని మిరియాల తీగ, ఆ నీడలో కాఫీ: ఒకే చోట మూడు పంటలు. అరబికా రకం కాఫీ మొక్క నేరుగా ఎండ తగిలితే ఆకులు మాడి తొందరగా అలిసిపోతుంది, అందుకే ఈ నీడ. నవంబరు నుంచి జనవరి దాకా పళ్ళు ఎర్రబడతాయి. ఒకే కొమ్మ మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పళ్ళుంటాయి కాబట్టి పండినవి మాత్రమే ఏరుతూ అదే చెట్టుకి మూడు నాలుగు సార్లు రావాలి. రాలిన పండు ఒకటి అడిగి తీసుకుని చిదిమి చూపించండి: తియ్యటి జిగురు, లోపల రెండు గింజలు ఎదురెదురుగా. ఐదారు కిలోల పళ్ళు కోస్తే గానీ ఒక కిలో పచ్చి కాఫీ గింజలు రావు. మార్చి, ఏప్రిల్లో మొదటి జల్లు పడ్డ వారం పది రోజులకు తోటంతా తెల్లటి పూలు, మల్లెల లాంటి వాసన. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ పంటలో ఎక్కువ భాగం ఎకరం, రెండెకరాల గిరిజన కుటుంబాలదే. చెట్టు మీది పండు తుంచడమంటే వాళ్ళ చేతిలోది లాక్కోవడమే.

గిరిజన గూడేల మీదుగా నడిచేటప్పుడు అక్కడి పిల్లలకు చాక్లెట్లు పంచకండి. దానివల్ల బళ్ళో ఉండాల్సిన పిల్లలు రోడ్డు మీద కార్ల కోసం చూస్తుంటారు. ఇవ్వాలనుంటే వారపు సంతలో వాళ్ళ పెద్దవాళ్ళ దగ్గర పసుపు, అల్లం, రాజ్మా, మిరియాలు కొనండి. సంత మీ బస రోజుల్లో పడుతుందా అని గది యజమానిని అడగండి. పడితే ఒక పూట మొత్తం దానికే ఇవ్వచ్చు. పిల్లల చేతికి వంద రూపాయలిచ్చి కొనమనండి. చిల్లర నోట్లు తప్పనిసరి. సెల్ సిగ్నల్ వచ్చిపోతూ ఉంటుంది, ఫోనులో డబ్బు కట్టే ఏర్పాటు నమ్ముకుంటే ఇబ్బంది పడతారు.

చాపరాయి: సరదా, ప్రమాదం ఒకే చోట

అరకు నుంచి పాడేరు వెళ్ళే దారిలో డుంబ్రిగుడ మండలంలో ఉంటుంది. వాగు విశాలమైన రాతి పలక మీద పలచగా పరుచుకుని జారుతుంది. నీళ్ళలో ఆడుకోవడానికి పిల్లలకు ఇంతకన్నా మంచి చోటు లోయలో లేదు. లోతు చూస్తే చీలమండ దాకానే. అందుకే పెద్దవాళ్ళు పిల్లల్ని వదిలేసి గట్టున కూర్చుంటారు. అదే తప్పు.

ప్రమాదం లోతులో లేదు, నాచులో ఉంది. నీళ్ళు నిలకడగా పారే చోట రాయి మీద పలచటి పాకుడు పొర ఉంటుంది, పైనుంచి కనబడదు. నిలబడి నడిచినవాళ్ళు వెనక్కి పడతారు, తల వెనక భాగం రాతికి తగులుతుంది. పడ్డవాళ్ళు ఆగకుండా జారిపోతారు, పలక చివర గుంటలు లోతు. ఇక్కడా, ఏజెన్సీలోని ఇతర జలపాతాల దగ్గరా ప్రాణాలు పోయినవి ఎక్కువగా ఇలాగే. కాబట్టి:

నీళ్ళలోకి దిగే ముందు పెద్దవాళ్ళలో ఒకరు వెళ్ళి కింది గుంటలు ఎక్కడ మొదలవుతాయో చూసిరావాలి. పిల్లలు ఆడే చోటుకి, ఆ గుంటలకి మధ్య ఒకరు కూర్చోవాలి, ఫోను లేకుండా, తిండి లేకుండా. గంటకొకరు మారండి. పిల్లలు రాతి మీద కూర్చుని పాకుతూ కదలాలి, నిలబడి పరుగులు లేవు. రబ్బరు హవాయి చెప్పులు మరీ జారతాయి. వెనక పట్టీ ఉన్న, గరుకు అడుగు శాండల్స్ వేయండి. వట్టి కాళ్ళు వద్దు, పగిలిన సీసా ముక్కలు ఉంటాయి. లైఫ్ జాకెట్ ఉంది కదా అని ధైర్యపడకండి, అది తలకి దెబ్బ తగలకుండా ఆపదు.

వాగు ఎప్పుడు పెరుగుతుందో తెలుసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఇక్కడ ఎండ కాస్తున్నా పై కొండల్లో కురిసిన వాన గంటలో కిందికి దిగుతుంది. తేట నీరు మసకబారడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, చప్పుడు మారడం, ఇందులో ఏ ఒక్కటి కనబడినా బట్టలు, చెప్పులు వదిలేసి పిల్లల్ని తీసుకుని దగ్గరి గట్టుకి వెంటనే వెళ్ళాలి. అవతలి గట్టున చిక్కుకోకుండా ఉండాలంటే మొదట్నుంచీ వచ్చిన గట్టు వైపే ఆడించండి. జులై నుంచి సెప్టెంబరు దాకా, తుఫాను వార్త ఉన్న అక్టోబరు, నవంబరు రోజుల్లో పిల్లల్ని నీళ్ళలోకి దించకండి. గట్టునుంచి చూసి రండి, చాలు. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా పదకొండు నుంచి రెండు మధ్య, ఎండ బాగా ఉన్నప్పుడు సరైన వేళ. ఆ తర్వాత తడిబట్టలతో వణుకుతారు.

చాపరాయి దగ్గర, బొర్రా దగ్గర బొంగు చికెన్ కాలుస్తుంటారు. పచ్చి వెదురు బొంగులో ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు దోపి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె ఉండదు, బొంగులోని తేమలోనే ఉడుకుతుంది. అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. ఆదివారం రద్దీలో ఇరవై నిమిషాలకే దించేస్తారు, ఎముక దగ్గర ఎర్రగా ఉండిపోతుంది. నీళ్ళలోకి దిగే ముందే చెప్పి, కారం తగ్గించి కొత్తది పెట్టమనండి. తెచ్చాక పెద్ద ముక్క చీల్చి చూసి పిల్లలకు పెట్టండి.

తిరుగు దారిలో బొర్రా

మూడో రోజు పొద్దున్న అరకులో కారు మాట్లాడుకుని సుంకరమెట్ట, గాలికొండ, అనంతగిరి మీదుగా బొర్రాకు దిగితే పది, పదిన్నరకు చేరతారు. దిగగానే కోతులు. చేతిలో ప్లాస్టిక్ సంచి కనబడితే లాగేస్తాయి, తిండి కారులోనే పెట్టి అద్దాలు మూయండి.

గుహలో మెట్లు తడిగా ఉంటాయి, నీటిబొట్లు పడుతూనే ఉంటాయి. చిన్నవాళ్ళని భుజాల మీద ఎక్కించుకోకండి, మీరు జారితే ఇద్దరూ పడతారు. గబ్బిలాల వాసన, తేమగాలి ఉబ్బసం ఉన్న పిల్లలకు పడవు, ఇన్‌హేలర్ జేబులో ఉండాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు మొదటి విశాలమైన హాలు దాకా దిగి ఆగిపోవచ్చు, గొప్ప దృశ్యం అక్కడే కనబడుతుంది.

గైడ్లు ఎక్కువగా ఆకారాలు చూపిస్తారు: శివలింగం, తల్లీబిడ్డ, పుట్టగొడుగు. పిల్లలకు అది ఎలా తయారైందో కూడా చెప్పండి, తేలిగ్గానే అర్థమవుతుంది. వాన నీరు మట్టిలో దిగుతూ కార్బన్ డయాక్సైడును కలుపుకుని కొద్దిగా పుల్లబడుతుంది, ఆ పులుపు సున్నపురాయిని కరిగిస్తుంది. గుహ పైకప్పు దగ్గర ఆ వాయువు బయటికి పోగానే కరిగిన సున్నం మళ్ళీ రాయిగా మిగులుతుంది. పైనుంచి వేలాడేది ఒకటి, కింద బొట్టు పడ్డ చోట లేచేది ఒకటి. సాధారణంగా ఇవి ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరుగుతాయి. మన చేతి జిడ్డు తగిలితే ఆ చోట సున్నం అంటదు, పెరుగుదల ఆగిపోతుంది. ఇది విన్న పిల్లలు చెయ్యి వేయరు, పక్కవాళ్ళనీ వేయనివ్వరు. గోస్తనీ నది పుట్టేది ఇక్కడే, విశాఖకు వెళ్ళే తాగునీటిలో కొంత దీనిదే అని కూడా చెప్పండి.

కటికి జలపాతానికి బొర్రా నుంచి జీపులుంటాయి. దారి రాళ్ళు తేలి ఒళ్ళు హూనం చేస్తుంది, ఆ తర్వాత నడక. పదేళ్ళు దాటిన పిల్లలైతే సరే. చిన్నవాళ్ళుంటే వదిలేయండి.

ఘాట్ దిగేటప్పుడు డ్రైవరు బ్రేకు మీదే కాలు పెట్టి దింపుతుంటే అడగడానికి మొహమాటపడకండి. ఎక్కిన గేరులోనే దిగాలి, నిటారు చోట రెండో గేరు. బ్రేకులు వేడెక్కితే మాడిన వాసన వస్తుంది, పెడలు మెత్తబడుతుంది. వాసన రాగానే విశాలమైన చోట ఆపి పావుగంట చల్లారనివ్వాలి, చక్రాల మీద నీళ్ళు పోయకూడదు. మంచులో డిమ్ లైటే వేయాలి, బ్రైట్ వేస్తే ఎదుట తెల్లటి గోడే కనబడుతుంది. చీకటి పడక ముందే శృంగవరపుకోట చేరేలా బొర్రా నుంచి మూడింటికల్లా కదలండి.

రెండు రాత్రులంటే ఖర్చు కదా అంటారు. నిజమే, గది అద్దె అదనం. కానీ ఒక్కరోజు ప్యాకేజీలో కారు రోజంతా మీ కోసం ఘాట్ ఎక్కి దిగుతుంది. రైల్లో వెళ్ళి, అరకులో ఆటోలతో, కాళ్ళతో తిరిగి, చివరి రోజు మాత్రం కారు తీసుకుంటే తేడా చాలామటుకు సర్దుకుంటుంది. సెలవు దొరకదనేవాళ్ళకు ఒకటే మాట: ఒక్కరోజే ఉంటే అరకు దాకా వెళ్ళకండి. బొర్రా ఒక్కటి చూసి, అనంతగిరిలో కాఫీ తోట పక్కన రెండు గంటలు కూర్చుని వచ్చేయండి. పిల్లలకు అదే ఎక్కువ.

సంచిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు, థర్మామీటరు, జ్వరం మందు, దూది, కట్టు గుడ్డ ఉండాలి. అరకులో ఏరియా ఆసుపత్రి ఉంది, పాడేరులో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. పాము కరిస్తే తాడు కట్టడం, కోయడం వద్దు. ఆ కాలో చెయ్యో కదపకుండా పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇక దోమలు. ఏజెన్సీలో మలేరియా ఉంది, చలికాలమని పూర్తిగా పోదు. సాయంత్రం ఐదు నుంచి పిల్లలకు పొడుగు చేతులు, పొడుగు ప్యాంట్లు, ఒంటికి దోమల మందు, రాత్రి దోమతెర. కుట్టినా వెంటనే తెలియదు, సాధారణంగా వారం నుంచి నెల లోపు జ్వరం వస్తుంది, కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగా. అప్పటికి అరకు మాట మరిచిపోతారు, ఊళ్ళో డాక్టరు వైరల్ జ్వరమంటాడు. తిరిగొచ్చిన రెండు నెలల దాకా పిల్లలకు జ్వరం వస్తే, ఏజెన్సీకి వెళ్ళొచ్చామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పి, అదే రోజు మలేరియా రక్తపరీక్ష చేయించండి.